హోస్టా మన తిరుపతిలో ఎందుకు నిలవదు? నీడలో దాని బదులు ఏం పెట్టుకోవచ్చు?

రీల్స్‌లో చూసి చాలామంది అడుగుతున్న మొక్క హోస్టా. చెట్టు కింద నీడలో వెడల్పాటి ఆకులు, అంచుకి తెల్ల గీత, కొన్నిట్లో నీలి ఛాయ. చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. "మా ఇంటెనక సందులో ఎండ రాదు, పెట్టొచ్చా అన్నా?" అంటున్నారు. ముందే చెప్పేస్తా, తిరుపతిలో వద్దు. ఎందుకు వద్దో తెలిస్తే ఏది పెట్టాలో కూడా తెలుస్తుంది.

హోస్టా సొంతూరు జపాన్, కొరియా, చైనా వైపు. అక్కడ చలికాలం వస్తే ఆకులన్నీ ఎండిపోతాయి, మట్టిలో మొదలు మాత్రం నిద్రపోతుంది. ఆ నిద్ర దానికి తప్పనిసరి. సుమారు 5 డిగ్రీల లోపు చలి ఐదారు వారాలైనా తగిలితేనే మళ్లీ బలంగా చిగురేస్తుంది. మనకేమో సంక్రాంతి నెలలో కూడా రాత్రిపూట మామూలుగా 18, 20 డిగ్రీలుంటుంది. మదనపల్లె కొంచెం చల్లన. హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైనే. అయినా అంత చలి వారాల తరబడి అక్కడా నిలవదు.

మోసం ఎక్కడంటే, మొదటి ఏడు హోస్టా బాగానే కనిపిస్తుంది. అది అంతకుముందు దాచుకున్న బలం. తర్వాత ఏడు ఆకులు చిన్నవైతాయి, ఆపైన రెండు మూడు ఆకులు, చివరికి ఖాళీ తొట్టి. "నీడ ఉంది కదా" అంటే, ఉంది, కానీ మే నెలలో మన నీడ కూడా కాలుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చొచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. చేయొచ్చు. కానీ ఏటా కూరగాయలు తీసేసి మట్టిగడ్డలు పెడితే మీ అమ్మ ఊరుకుంటుందా? చలి తీరినా ఎండాకాలం తప్పదు. ఇక ఆన్‌లైన్‌లో అమ్మే "నీలం హోస్టా విత్తనాలు" జోలికి అసలు పోకండి. రంగు గీతల హోస్టాలు విత్తనం నుంచి అలాగే రావు, ఎక్కువగా మామూలు పచ్చ మొక్కలే వస్తాయి. వాటిని పిలకలు విడదీసి పెంచుతారు. ఆ నీలం కూడా ఆకు మీదుండే మైనపు పూత. వేడికి అది పోతే కింద పచ్చే.

సరే, మనకు కావాల్సింది ఏంటి? వెడల్పాటి ఆకు, నీడ, చలి అక్కర్లేని మొక్క. నా మొదటి ఓటు కలాడియంకి. దక్షిణ అమెరికా మొక్క. ఇది కూడా నిద్రపోతుంది, కానీ దీనికి కావాల్సింది చలి కాదు, పొడి. మన ఊరికి సరిపోయే నిద్ర!

జూన్ వానలు మొదలయ్యాక గడ్డ పెట్టండి. మొలక కన్ను పైకి ఉండాలి, పైన రెండంగుళాల మట్టి చాలు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ సమానంగా కలపండి. తొట్టికి అడుగున రంధ్రం తప్పనిసరి. పైన వేరుశనగ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది, అది మన దగ్గర దొరకనిది కాదు కదా. అక్టోబరు, నవంబరుల్లో మన పెద్ద వానలు పడేటప్పుడు తొట్టిలో నీళ్లు నిలవనీయకండి, గడ్డ కుళ్లేది అప్పుడే.

డిసెంబరు, జనవరిలో ఆకులు పసుపై వాలిపోతాయి. ఇక్కడే చాలామంది చచ్చిపోయిందని తొట్టి కుమ్మరించేస్తారు. ఇంకొందరు బతికించాలని ఎక్కువ నీళ్లు పోస్తారు, అది ఇంకా ఘోరం. చచ్చిపోలేదు, నిద్రపోయింది. నీళ్లు ఆపేసి, తొట్టిని వాన తగలని చోట పెట్టండి. తొట్టి మీద తేదీ రాసుకోండి, లేకపోతే ఇంట్లోవాళ్లు అందులో కొత్తిమీర చల్లేస్తారు. మే చివర, జూన్‌లో మళ్లీ తడిపితే చిగురొస్తుంది.

డబ్బు పెట్టలేం అంటే కూరగాయల అంగట్లో చేమగడ్డ కొనండి. మొలక కనిపించే గడ్డ చూసి పెడితే ఏనుగు చెవుల్లాంటి ఆకులు. దీనికి మాత్రం నీళ్లు బాగా కావాలి. పసుపు కూడా పెట్టొచ్చు. కాస్త ఎండ తగిలే నీడలో ఆకులు అందంగా వస్తాయి, ఏడెనిమిది నెలలకు అది కూడా వాలిపోయి గడ్డ మిగులుతుంది. ఎండ అసలు రాని సందుకైతే అగ్లోనిమా, స్నేక్ ప్లాంట్. వాటికి నిద్ర గోల లేదు.

కొనేముందు ఒక పని చేయండి. ఉదయం 8కి, 10కి, 12కి, 2కి, 4కి అదే చోటును ఫోన్‌లో ఫోటో తీయండి. ఉదయం 10 లోపు ఎండ వస్తే కలాడియంకి బంగారం లాంటి చోటు. మధ్యాహ్నం 2 గంటల ఎండ నేరుగా పడితే ఆకు మాడుతుంది, షేడ్ నెట్ కట్టాల్సిందే.

ఇంట్లో పసిపిల్లలు, కుక్కపిల్లలు ఉంటే జాగ్రత్త. కలాడియం, అగ్లోనిమా, పచ్చి చేమాకు నమిలితే నోరు మండి వాస్తుంది. వాటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. తొట్లు అందని ఎత్తులో పెట్టండి, గడ్డలు కోసేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి.