ఆనవాలు చెరగని సేనాని

హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారంటే చాలు, టీవీ తెరల అడుగున పరుగులు తీసే వార్తల్లో మూసారాంబాగ్ వంతెన పేరు వచ్చేస్తుంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైనప్పటి నుంచి ఆ పేరు రైల్లోనూ రోజూ వినిపిస్తోంది. ఆ స్టేషన్లో ఎక్కి దిగేవాళ్లలో చాలామంది అది మూసీ నది పేరో, రాముడి పేరో అనుకుంటారు. అది మిషేల్ జోషిమ్ మారీ రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరు. నిజాం కొలువులో పన్నెండేళ్లు పనిచేసి, 1798 మార్చి 25న ఇక్కడే కన్నుమూసినవాడు.

సేనానుల పేర్లు మోస్తున్న ఊళ్లూ వీధులూ సంస్థల మీద ఈ వారం ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. గురువారం రాత్రికి పేజీలు అచ్చుకు వెళ్లిపోవాలి. దౌలేశ్వరం నుంచి సైప్రస్ దాకా జాబితా సిద్ధమైంది. కానీ చదువుతూ చదువుతూ ఒక పాత ఒప్పందపత్రం దగ్గర ఆగిపోయాను. మిగతా పేర్లు పక్కపెట్టెల్లోకి జరగడానికి ఆ కాగితమే కారణం.

ఒప్పందంలో ఒక షరతు

1798 సెప్టెంబరు 1న నిజాం అలీ ఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒప్పందం అది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని సైన్య సహకార పద్ధతి కింద ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటాయి. కంపెనీ సిపాయిలు ఆరు వేలమంది హైదరాబాదులో ఉంటారు, వాళ్ల ఖర్చు కింద నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. లెక్కల సంగతి అలా ఉంచితే, నన్ను పట్టి నిలిపింది ఫ్రెంచివాళ్ల గురించిన షరతు. నిజాం కొలువులోని ఫ్రెంచి అధికారులనూ సార్జెంట్లనూ అందరినీ తీసేయాలి. వాళ్ల కింది సిపాయిలను చెల్లాచెదురు చేయాలి. ఎంతగానంటే, ఆ పాత దళం ఒకటి ఉండేదన్న ఆనవాలు కూడా మిగలకూడదు. ఇకమీదట ఏ ఫ్రెంచివాడికీ నిజాం కొలువులో చోటుండకూడదు.

ఆ రాత వెనకున్న భయం ఎంతటిదో చూడండి. అప్పటికి రేమండ్ చనిపోయి అయిదు నెలలైంది. బతికి ఉన్నప్పుడు ఆయన కింద పదివేల పైచిలుకు సిపాయిలుండేవారు. దళం మోసే జెండా ఫ్రెంచి విప్లవపు మూడు రంగులది. సిపాయిల కోటు గుండీల మీద స్వేచ్ఛకు గుర్తుగా విప్లవకారులు పెట్టుకునే టోపీ బొమ్మ చెక్కి ఉండేదట. గుండీ మీద బొమ్మ కూడా కంపెనీ నివేదికల్లోకి ఎక్కిందంటే వాళ్లకు ఎంత గుబులు పుట్టిందో ఊహించవచ్చు. రేమండ్ దళంలో కొంత భాగాన్ని నిజాం కడప, కంభం వైపు పంపినప్పుడు కంపెనీ ఉలిక్కిపడింది. తన సరిహద్దు పక్కనే ఫ్రెంచి తుపాకులు తిరుగుతుంటే సహించలేక గట్టిగా అభ్యంతరం చెప్పింది.

ఆ దళం మొదలైన తీరు తలచుకుంటే ఆ భయం మరీ వింతగా తోస్తుంది. ఆనాటి ఐరోపా సేనానుల చరిత్ర రాసినవాళ్లు చెప్పే ప్రకారం, తొలినాళ్లలో రేమండ్ దగ్గర ఉన్నవి కొన్ని వందల తుపాకులే, అవీ సొంతవి కావు. ఒక ఫ్రెంచి వర్తకుడి దగ్గర ఒక్కోదానికి నెలకు ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చుకున్నవి. అద్దె తుపాకులతో మొదలైనవాడు పదేళ్లు తిరిగేసరికి సొంతంగా ఫిరంగులు పోతపోయించే స్థితికి వచ్చాడు.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1755లో గాస్కనీలో వర్తకుడి ఇంట పుట్టాడు. 1775లో వ్యాపారం కోసం పుదుచ్చేరి వచ్చి కత్తి పట్టాడు. మొదట మైసూరు సైన్యంలో, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర, 1786 నుంచి నిజాం కొలువులో. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో పోరు, నిజాంకు ఓటమి. అదే ఏడు నిజాం కొడుకు అలీజా తిరగబడితే వెళ్లి పట్టుకున్నది రేమండే. దారిలోనే అలీజా విషం మింగి చనిపోయాడు. రేమండ్ పోయాక దళం పిరాన్ అనే ఫ్రెంచి అధికారి చేతికి వచ్చింది. జీతాల బకాయిల కోసం సిపాయిలే అతన్ని నిర్బంధించారు. అదను చూసి 1798 అక్టోబరులో కంపెనీ సేనలు చుట్టుముట్టాయి. రక్తం చిందకుండా వేలమంది సిపాయిలు ఆయుధాలు కింద పెట్టేశారు.

షరతు అక్షరాలా అమలైంది. దళం పోయింది, జెండా పోయింది, గుండీలూ పోయాయి.

పేరు మాత్రం

ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది. నిటారుగా లేచిన రాతి స్తంభం, దాని మీద జే, ఆర్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కనే గ్రీకు గుడి తీరులో స్తంభాల మండపం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల వరకూ ఏటా మార్చి 25న జనం అక్కడికి వెళ్లేవారు. హిందువులకు ఆయన మూసారాం, ముస్లింలకు మూసా రహీం. కూలి కోసం యుద్ధం చేసిన పరదేశి సైనికుడు రెండు మతాలవాళ్లకూ మొక్కదగినవాడయ్యాడు.

నాకు రేమండ్ మీద అభిమానం ఉంది. అయినా ఆయన్ను మహాత్ముణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఏ రాజు జీతమిస్తే ఆ రాజు కోసం పోరాడినవాడు. తండ్రి మీద తిరగబడ్డ కొడుకుని వేటాడి పట్టుకున్నవాడు. విషప్రయోగంతో చనిపోయాడన్న పుకారు ఇప్పటికీ చెబుతుంటారు, దానికి రుజువు లేదు. నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. ఈ పేరు ఏ ఫర్మానా వల్లా వచ్చింది కాదు. గుట్టెక్కి దణ్ణం పెట్టినవాళ్ల నోళ్లలో పుట్టి, వాళ్ల పిల్లల నోళ్లలో నిలిచింది. వాళ్లలో ఆ సిపాయిల కుటుంబాలు తప్పక ఉండి ఉంటాయని నా నమ్మకం. దొర పోగానే జీతాలు ఆగిపోయిన సిపాయి ఇంట్లో పాత దొర పేరు ఎలా తలుచుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఆనవాలు మిగలకూడదని సంతకాలు చేసినవాళ్లకు ఈ సంగతి తట్టలేదు.

2001లో భారీ వానలకు గుట్ట మీది మండపం కూలిపోయింది. పురావస్తు శాఖ తర్వాత తిరిగి నిలబెట్టింది. ఆ శ్రద్ధలో కొంత కింద రోడ్డు మీద కూడా పెడితే బాగుంటుంది. మెట్రో స్టేషన్ గోడ మీద రేమండ్ గురించి తెలుగులో, ఉర్దూలో నాలుగు పంక్తులు రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పేరు వెనక మనిషి ఉన్నాడని బడిపిల్లలకైనా తెలుస్తుంది.

తోప్ కా సాంచా

హైదరాబాదులో రేమండ్ ఆనవాలు ఇంకోటి ఉంది. ఫతేమైదాన్ దగ్గర ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానా. ఉర్దూలో తోప్ కా సాంచా, ఇప్పుడు అందరికీ గన్‌ఫౌండ్రీ. ఆయన పేరు లేదు గానీ ఆయన పని పేరే పేటకు నిలిచింది.

బుస్సీ వీధి

రేమండ్‌కు పైఅధికారిగా ఉన్న బుస్సీ మనకు కొత్తవాడు కాదు. 1757 జనవరిలో విజయనగరం పక్షాన బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చినవాడు. పుదుచ్చేరిలో ఒక పెద్ద వీధికి ఆయన పేరుండేది, ఇప్పుడది లాల్ బహదూర్ శాస్త్రి వీధి. ఊరివాళ్లు మాత్రం ఇప్పటికీ బుస్సీ వీధి అంటారు. బొబ్బిలి కథ విని పెరిగినవాళ్లం, ఆ పేరు వింటే మనకు మనసు చివుక్కుమంటుంది.

జనరల్ కాటన్

ఆర్థర్ కాటన్ సైన్యంలో జనరల్ హోదా దాకా ఎదిగిన మనిషన్న సంగతి గోదావరి జిల్లాల్లో పెద్దగా ఎవరికీ పట్టదు. ఆయన వాళ్లకు ఆనకట్ట కట్టిన దొర. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

లార్నాకాలో తిమ్మయ్య

కొడగుకు చెందిన జనరల్ తిమ్మయ్య తొలి రోజుల్లో పనిచేసింది హైదరాబాద్ రెజిమెంటులో. 1945లో అది కుమావూ రెజిమెంటుగా మారింది. సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు అధిపతిగా ఉంటూ 1965 డిసెంబరు 18న అక్కడే మరణించారు. మరుసటి ఏడు ఆ దేశం ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది. లార్నాకా నగరంలో ఒక రహదారికి ఆయన పేరుంది.