మెలకువ వస్తే సరిపోదు.. కండరాలూ కోలుకోవాలి

ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ. ‘మత్తులోంచి మళ్లీ మెలకువ వస్తుందా?’ అని. నిజానికి మెలకువతో పాటు మరొకటీ ముఖ్యమే. మందుతో సడలిపోయిన కండరాలు తిరిగి బలం పుంజుకోవాలి. ఈ రెండూ ఒకేసారి జరగాలనేమీ లేదు.

జనరల్ అనస్థీషియాలో నిద్ర పుచ్చే మందు, నొప్పి తెలియనీయని మందుతో పాటు చాలాసార్లు కండరాలను సడలించే మందూ ఇస్తారు. శ్వాసనాళంలోకి గొట్టం తేలికగా వెళ్లటానికి, పొట్ట కండరాలు బిగుసుకోకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుంది. అయితే దీంతో ఊపిరి తీసుకునే కండరాలూ పనిచేయవు. అందుకే యంత్రంతో శ్వాస అందిస్తారు. మందు ప్రభావం మిగిలి ఉండగానే గొట్టం తీసేస్తే రక్తంలో ఆక్సిజన్ తగ్గొచ్చు. మింగటం సరిగా కుదరక లాలాజలం ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు.

బొటనవేలే కొలమానం

మణికట్టు దగ్గర చర్మం మీద ప్యాచ్‌లు అతికించి, అల్నార్ నాడికి అర సెకనుకు ఒకటి చొప్పున 4 స్వల్ప విద్యుత్ ప్రేరణలు పంపిస్తారు. దీని పేరు ‘ట్రెయిన్ ఆఫ్ ఫోర్’. ప్రతిసారీ బొటనవేలు కదులుతుంది. మందు ప్రభావం ఇంకా ఉంటే ఈ కదలిక క్రమంగా బలహీనమవుతుంది. నాలుగో కదలిక మొదటిదానిలో కనీసం 90 శాతం ఉంటేనే గొట్టం తీయటం సురక్షితం. ఈ తేడాను కంటితో చూసి కచ్చితంగా పసిగట్టలేం. తల ఎత్తమని, చేయి గట్టిగా పట్టుకోమని చేసే పరీక్షలూ చాలవు. అంకెల్లో చూపే పరికరం వాడాలని అమెరికా అనస్థీషియా వైద్యుల సంఘం 2023లో సిఫారసు చేసింది. బలం చాలకపోతే, వాడిన మందును బట్టి విరుగుడుగా నియోస్టిగ్మిన్ గానీ సుగమడెక్స్ గానీ ఇస్తారు.

ముందే చెప్పండి

సక్సినైల్‌కోలిన్ అనే సడలింపు మందు ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తే గంటల కొద్దీ ఉండిపోవచ్చు. మనదగ్గర ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ జన్యులోపం ఎక్కువగా కనిపిస్తుంది. రోజువారీ జీవితంలో దీంతో ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఆపరేషన్ వరకూ బయటపడదు. అందుకని రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత అనుకోకుండా ఎక్కువసేపు వెంటిలేటర్ అవసరమైతే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మయస్థీనియా వంటి కండరాల జబ్బులు, కిడ్నీ సమస్యలు, వాడుతున్న మందుల గురించీ దాచొద్దు. ‘గొట్టం తీసేముందు కండరాల బలాన్ని పరికరంతో కొలుస్తారా?’ అనీ అడగండి. అందులో మొహమాటం అక్కర్లేదు.