ఆర్కిడ్ వేళ్లు కుండీ దాటి ఎందుకొస్తాయి? కుండీ ఎలా మార్చాలి?

బెంగళూరు లాల్‌బాగ్‌లో జనవరిలోనూ ఆగస్టులోనూ పూల ప్రదర్శనలు జరుగుతాయి. అక్కడ కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఆర్కిడ్ తమిళనాడులోని జోలార్పేటలో రెండు మూడేళ్లు నిలిచిందంటే ఆ ఇంటివాళ్లను మెచ్చుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే వాళ్లకు బెంగ మొదలవుతుంది. బూడిదరంగు వేళ్లు కుండీ అంచు దాటి నలువైపులా వేలాడుతుంటాయి. కింది ఆకులు రాలిపోయి, మొక్క కుండీకి ఎత్తున ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. వేళ్లు కత్తిరించాలా? పెద్ద కుండీ కొనాలా? పైనుంచి మట్టి పోయాలా? మూడూ వద్దు.

ఇంతకీ ఆ వేళ్లు బయటికి ఎందుకొస్తాయి?

మనం ఇళ్లలో ఎక్కువగా పెంచేది ఫెలనాప్సిస్ అనే రకం. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా వానల అడవి. అక్కడది నేల మీద కాదు, చెట్ల మానుల మీద పెరుగుతుంది. ఇలాంటివి మనకు కొత్తేమీ కాదు. తూర్పు కనుమల పొడవునా చెట్ల కొమ్మల మీద వాండా టెస్సెల్లాటా అనే ఆర్కిడ్ కనిపిస్తుంది. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడడం మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దాన్ని బొమ్మతో సహా వర్ణించాడు. ఊళ్లలో చెట్టు మీద పెరిగేదాన్నల్లా బదనిక అనేసి కొట్టేస్తుంటారు. బదనిక చెట్టు రసం పీలుస్తుంది, నిజమే. ఆర్కిడ్ మాత్రం చెట్టును పట్టుకుని ఉంటుందంతే, దాని రసం ముట్టదు. వానలోనుంచీ, మంచులోనుంచీ, బెరడు సందుల్లో చేరిన చెత్తలోనుంచీ తన తిండి తాను సంపాదించుకుంటుంది.

ఆ సంపాదనంతా వేళ్లదే. ఆర్కిడ్ వేరు మీద తెల్లగా కనిపించేది చచ్చిన కణాల పొర. దాన్ని వెలామెన్ అంటారు. నీటి చుక్క తగలగానే అద్దుడు కాగితంలా పీల్చేసుకుని, లోపలి సజీవమైన వేరుకు మెల్లగా అందిస్తుంది. ఎండినప్పుడు ఆ పొర నిండా గాలే కాబట్టి వెండిరంగులో మెరుస్తుంది. తడిసినప్పుడు పారదర్శకమై లోపలి ఆకుపచ్చ బయటపడుతుంది. వేరుకు ఆకుపచ్చ ఎందుకంటారా? ఆకుల్లాగే అది కూడా వెలుతురులో కొంత ఆహారం తయారుచేస్తుంది.

ఇక మొక్క పైకి లేవడం సంగతి. ఫెలనాప్సిస్‌కు ఒకటే కాండం. అది కొస నుంచి పైకే పెరుగుతుంది. కింది ఆకులు ముదిరి రాలుతుంటే, పై కణుపుల దగ్గర కొత్త వేళ్లు పుడతాయి. ఆ కణుపులు అప్పటికే కుండీకి పైన ఉన్నాయి కాబట్టి వేళ్లు గాలిలోకే వస్తాయి. ఇది జబ్బు కాదు. గాలిలో వేళ్లు నిగనిగలాడుతూ, వాటి కొసలు పచ్చగా ఉంటే మొక్క బాగున్నట్టే. కానీ గాలిలో ఎన్నో వేళ్లుండి, కుండీలో తొంగిచూస్తే నల్లగా మెత్తబడినవే కనిపిస్తే మాత్రం లోపల ఊపిరాడడం లేదన్నమాట. కుండీ మార్చాల్సింది అప్పుడే. లేదా లోపలి బెరడు ముక్కలు కుళ్లి మట్టిలా మారినప్పుడు. మామూలుగా రెండేళ్లకోసారి ఆ పని పడుతుంది.

ఎప్పుడు మార్చాలి?

పూలుండగా ముట్టుకోవద్దు. కత్తిరి ఎండల్లో అసలే వద్దు. పగలు 40 డిగ్రీల దగ్గరికి వెళ్లే మే నెలలో గాయపడ్డ వేళ్లు కోలుకోవు. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా, రెండు జల్లులు పడి గాలిలో తేమ చేరి, కొత్త వేళ్ల కొసలు పచ్చగా కనిపిస్తున్నప్పుడు మంచి అదను. కుళ్లు పట్టిన మొక్కకు మాత్రం అదను చూడకూడదు, ఆ రోజే తీయాలి.

ఎలా మార్చాలి?

ముందు మొక్కను కుండీతో సహా అరగంట నీళ్లలో ఉంచండి. ఎండిన వేళ్లు పెళుసుగా ఉండి పుటుక్కున విరుగుతాయి. తడిస్తే వంగుతాయి. తర్వాత కుండీ పక్కలు నొక్కుతూ మెల్లగా బయటికి లాగండి. వేరు కుండీని కరుచుకుని ఉంటే ప్లాస్టిక్ కుండీనే కోసేయండి. వేళ్ల నడుమ, కాండం అడుగున, నర్సరీవాళ్లు పెట్టిన నాచు ముద్ద తరచూ దాక్కుని ఉంటుంది. పైన ఎండినట్టున్నా అది లోపల తడిగానే ఉంటుంది. చాలా ఇళ్లలో ఆర్కిడ్ పోయేది ఆ ముద్ద వల్లే. వేలితో ఓపిగ్గా పీకేయండి.

ఇప్పుడు ఒక్కొక్క వేరునూ నొక్కి చూడండి. గట్టిగా ఉంటే, ఏ రంగులో ఉన్నా, ఉంచండి. మెత్తగా నీరు కారినా, పై పొర ఊడి లోపల దారంలాంటిదే మిగిలినా కత్తిరించండి. కత్తెరను ముందుగా మంటలో కాల్చాలి. ఆర్కిడ్లకు పట్టే వైరస్‌లు ఒక మొక్క నుంచి మరో మొక్కకు కత్తెర ద్వారానే ఎక్కువగా పాకుతాయి, వాటికి మందు లేదు. కోసిన చోట మాత్రం కాస్త దాల్చినచెక్క పొడి అద్దండి. మంచి వేళ్ల మీద చల్లితే వాటిని ఎండబెట్టేస్తుంది. కాండం అడుగున ఎండి మోడైన భాగముంటే, పైన మూడు నాలుగు మంచి వేళ్లు మిగిలేలా చూసుకుని దాన్ని కోసేయవచ్చు. అప్పుడు మొక్క మళ్లీ కుండీలోకి దిగి నిలబడుతుంది.

గాలి వేళ్లను లోపలికి తొయ్యాలా? కింది కణుపుల నుంచి వచ్చినవి, తడిశాక వాటంతటవి వంగేవి లోపలికి పోనివ్వండి. మిగతావాటిని వదిలేయండి. గాలిలో పుట్టి, గంటల్లో ఆరిపోవడానికి అలవాటుపడిన వేరును తడి ముక్కల్లో బంధిస్తే కుళ్లిపోతుంది. ఆర్కిడ్‌కు గాలి ఎంత అవసరమో పాత అనుభవమే చెబుతుంది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో తలుపులు బిగించిన ఆవిరి గదుల్లో ఆర్కిడ్లు లెక్కలేనన్ని చచ్చిపోయాయి. అక్కడి చాట్స్‌వర్త్ తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ 1830లలో ఆ గదుల్లోకి గాలి పారేలా చేశాకే వాటికి దశ తిరిగింది.

కుండీ పాతదాని కొలతే చాలు. పక్కల చిల్లులున్న మట్టి కుండీకే నా ఓటు. గోడల నుంచి నీరు ఆవిరవుతూ వేసవిలో వేళ్లను చల్లగా ఉంచుతుంది. లోపలికి కట్టెబొగ్గు ముక్కలు, చెట్టు బెరడు, కొబ్బరి డొక్క ముక్కలు. డొక్కలో ఉప్పుంటుంది, కాబట్టి రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. మట్టి చిటికెడు కూడా వద్దు. మొక్కను పుల్లకు కట్టి, నాలుగు రోజులు నీడలో, నీళ్లు పోయకుండా ఉంచండి. కోతలు మానుతాయి.

ఇక నీళ్లు. కుండీకంటే ముఖ్యం ఇదే.

పాలారు ప్రాంతంలో, ఆంబూరు, వానియంబాడి, వేలూరు, గుడియాత్తం దాకా, చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, కరుకుగా ఉంటాయి. తోళ్ల పరిశ్రమ వ్యర్థాలు భూగర్భజలాలను పాడుచేయడం మీద వేలూరు పౌరుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో పేరుమోసిన తీర్పు ఇచ్చింది. అలాంటి నీళ్లు పోస్తే వెలామెన్ ఉప్పును కూడా పీల్చుకుంటుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగులుతుంది. పచ్చటి వేరు కొస నల్లబడి ఆగిపోతుంది, కుండీ అంచున తెల్లటి పొరలు కడతాయి. ఎరువు తక్కువైందనుకుని మరికాస్త వేస్తే అది మరింత ఉప్పు వేసినట్టే.

కావేరి నీళ్లు మేలు. 2019 జూలైలో చెన్నై గొంతెండినప్పుడు 50 వ్యాగన్లలో, ట్రిప్పుకు సుమారు 25 లక్షల లీటర్ల చొప్పున, జోలార్పేట నుంచి విల్లివాక్కం వెళ్లినవి ఆ నీళ్లే. కొళాయిలో అవి వచ్చేవాళ్లు ఒక రాత్రి నిలవ ఉంచి వాడుకోవచ్చు. అన్నిటికంటే మేలు వాన నీళ్లు. 2003లో తమిళనాడు ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది కాబట్టి మేడ మీద గొట్టం ఉండే ఉంటుంది. మొదటి వాన మురికిని పోనిచ్చి, ఈశాన్య రుతుపవనాల్లో డ్రమ్ము నింపి మూత పెట్టుకుంటే ఒకటి రెండు మొక్కలకు నెలల తరబడి వస్తుంది. ఆర్‌ఓ యంత్రం శుద్ధి చేసిన నీళ్లు సరే. అది బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఎన్ని రోజులకోసారి పోయాలో వేరు రంగే చెబుతుంది. వెండిరంగులోకి మారితే పొద్దున్నే ధారాళంగా పోయండి, ఆకుపచ్చగా ఉంటే ఆగండి. గాలి వేళ్లను కూడా తడపండి. మొవ్వులో నీరు నిలిస్తే గుడ్డ కొసతో అద్దేయండి, అక్కడ కుళ్లితే మొక్క దక్కడం కష్టం. ఎరువు సీసా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు, రెండు వారాలకోసారి, కొత్త వేరు కనిపించాకే.

పూత రాకపోతే? ఈ మొక్కకు కొన్ని వారాల చల్లదనం కావాలి. కార్తీకం నుంచి పుష్యం దాకా జోలార్పేట రాత్రులు 20 డిగ్రీల కిందికి దిగుతాయి. ఏలగిరి కొండల గాలి వచ్చే కిటికీ పక్కన, నేరుగా ఎండ తగలనిచోట ఉంచండి. ఈ ఏడే కుండీ మార్చి, ఆకులు మూడు మాత్రమే మిగిలి ఉంటే, వచ్చిన పూల కాడను మొదట్లోనే తుంచేయడం మంచిది. మొక్క ఆ బలాన్ని వేళ్లకు పెట్టుకుంటుంది.