వాచిన కాలెల్ల బోదకాలు కాదు

నెల్లూరు తీరమున, మైపాడు మొదలు దుగరాజపట్నము వరకు గల పాలెములలో, ఒక కాలు వాచిన మనిషిని చూడగానే జనుల నోట వెలువడు మాట ఒక్కటే: బోదకాలు. అందు వింత లేదు. తరతరములుగా ఆ వ్యాధి మన తూర్పుతీరమును పీడించినది. దాని నెరుగని ఊరు అరుదు. అయితే ఆ మాట నాలుకపై సిద్ధముగా నుండుటయే ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చును. కాలి లోపలి పెద్ద సిరలో నెత్తురు గడ్డకట్టినను కాలు వాచును. అదియు సాధారణముగా ఒక కాలికే వచ్చును. బోదకాలు ఏండ్ల తరబడి పెరుగు వ్యాధి. సిరలోని గడ్డ ఏ క్షణమున తెగి ఊపిరితిత్తులకు చేరునో ఎవరును చెప్పజాలరు.

మే మెరిగిన యొక యింట ఇట్లు జరిగినది. శస్త్రచికిత్సతో కాన్పయిన కోడలు పది దినములు దాదాపుగా మంచము దిగలేదు. ఒక ఉదయమున ఆమె ఎడమ పిక్క బిగిసి నొప్పి పెట్టినది. సాయంకాలమునకు తొడ దాక వాచినది. తమ వంశమున లోగడ ఒకరికి ఇట్లే వచ్చినదనియు, ఇది బోదకాలే యనియు అత్తగారు తేల్చినారు. ఆముదము కాచి పిక్కను గట్టిగా మర్దించినారు. మూడవనాడు కోడలికి ఉన్నట్టుండి ఊపిరాడలేదు, ఛాతీలో పోటు పుట్టినది. 108 బండి వేళకు అందుటచే ఆమె బ్రదికినది. అత్తగారి ప్రేమకు లోటు లేదు. తా నెరిగిన వ్యాధి పేరే ఆమె పెట్టినది, అంతే.

మేము వైద్యులము కాము. వైద్యులను మైకు ముందు కూర్చుండబెట్టి, వారి మాటలు ఇంటింట బోధపడునట్లు అడిగి చెప్పించుట మా పని. ఆ విధముగా మేము తెలిసికొన్నదే ఇచట విన్నవించుచున్నాము.

కాళ్లలోని నెత్తురు గుండెకు ఎగబ్రాకి పోవలయును. దానిని పైకి నెట్టునది పిక్క కండరము. మనము నడచునపుడెల్ల అది సిరలను పిండును. నడక ఆగినచో ప్రవాహము మందగించును. నెత్తురు గడ్డకట్టుటకు మూడు హేతువులను నేటికిని వైద్యులు 19వ శతాబ్దపు జర్మను వైద్యుడు విర్కో పేర చెప్పుదురు: ప్రవాహము మందగించుట, సిర గోడ దెబ్బ తినుట, నెత్తురే చిక్కబడు గుణము పొందుట. బాలింతయందు ఈ మూడును కూడుకొనవచ్చును. కాన్పులో నెత్తురు ఎక్కువ పోకుండ ప్రకృతియే గడ్డకట్టు శక్తిని పెంచును. ఆపై శస్త్రచికిత్స, ఆపై పథ్యము పేర మంచమున పడియుండుట. కాన్పు తరువాత ఆరు వారములు ఈ భయము హెచ్చు. తుంటి ఎముక విరిగిన వృద్ధులు, పుట్టకురుపు గలవారు, బిడ్డలను చూడ అమెరికాకు గంటల తరబడి కదలక విమానమున పోవు తల్లిదండ్రులు కూడ ఈ జాబితాలోనివారే.

రెంటికిని భేదము తెలియుటకు మొదట అడుగవలసిన ప్రశ్న, ఈ వాపు ఎన్నాళ్లనుండి యని. బోదకాలు దోమకాటు వలన చేరిన సూక్ష్మ క్రిములు శోషరస నాళములలో కాపురముండుటచే కలుగును. చలిజ్వరము, గజ్జలలో బిళ్లలు వచ్చి పోవుచుండ, ఏండ్లకు గాని కాలు దళసరి కాదు. సిరలోని గడ్డ యన్ననో ఒకటి రెండు దినములలోనే కాలిని వాచజేయును. పిక్క నొచ్చును, చర్మము వెచ్చబడి ఎఱ్ఱగానో నీలముగానో మారును. అయినను కంటిచూపుతో తీర్పు చెప్పరాదు. డాప్లర్ స్కానింగు చేసినగాని గడ్డ ఉన్నదో లేదో నిశ్చయము కాదు. అంతవరకు కాలిని మర్దించుట, పిసుకుట కూడదు. ఆయాసము, ఛాతీ నొప్పి, కళ్లెలో నెత్తురు, స్పృహ తప్పుట, వీనిలో ఏది కనబడినను స్కానింగు మాట తరువాత. తక్షణమే 108కు ఫోను చేయవలయును.

చర్మము క్రిందనే యుండు చిన్న సిరల సంగతి వేరు. సెలైను ఎక్కించిన చేతిమీద త్రాడువలె గట్టిపడి ఎఱ్ఱబారి నొచ్చుట పలువు రెరిగినదే. వేడి కాపడము, వైద్యుడు చెప్పిన నొప్పి మాత్రలతో అది తరచుగా తగ్గును. అయితే జ్వరము వచ్చినను, చీము పట్టినను, కాలిలో అట్టి త్రాడు గజ్జల వైపు ప్రాకినను ఉపేక్షింపరాదు.

బోదకాలుపై సంధించిన మందు మన తెలుగువాని పుణ్యమే. భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1947లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల హెట్రజాన్‌ను వెలువరించినది. ఇంటింట పంచిపెట్టిన బోదకాలు మాత్ర అదియే. కాని సిరలోని గడ్డపై ఆ మాత్రకు ఏ శక్తియు లేదు. గడ్డకు మొదట హెపారిన్ సూది వేయుదురు, పిదప మాత్రలు. ఆ మాత్రలలో పాతదైన వార్ఫరిన్ కథ చిత్రమైనది. చెడిన పశుగ్రాసము మేసి నెత్తురు కారి చచ్చుచున్న ఆవుల రోగమును శోధించుచుండగా దాని మూలము దొరకినది. 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కి, 1954లో మనుష్యులకు మందయినది. ఈ మందులు గడ్డను కరిగింపవు, పెరుగనీయవు. కరిగించుకొనుట దేహము పని, దానికి కాలము పట్టును. కావుననే కనీసము మూడు నెలలు వాడుమందురు. వాపు తగ్గినదని నెలకే మానివేయుట మనవారి అలవాటు. అది చాల చెడ్డ అలవాటు.

వార్ఫరిన్ వాడువారు గోంగూర, తోటకూర మానవలసిన పనిలేదు. ఒకనాడు గంపెడు, ఒకనాడు శూన్యము కాక, సమముగా తినుచు, చెప్పిన వేళకు రక్తపరీక్ష చేయించుకొన్న చాలును. అంగడిలో నొప్పి మాత్రలు కొని మ్రింగరాదు. కండలో సూది వేయువానికి ముందుగా ఈ మందు సంగతి చెప్పవలయును. నెత్తురు కారు ప్రమాదము గలదు. చికిత్స మొదలైన పిమ్మట వైద్యుని అనుమతితో నడచుట మేలే. ఒకమారు గడ్డ వచ్చిన స్త్రీ మరల గర్భవతి యైనచో, తొలి నెలలోనే ఆ సంగతి వైద్యురాలికి తెలుపవలయును. గర్భమున వార్ఫరిన్ శిశువునకు కీడు. హెపారిన్ సూది వాడి ముందుజాగ్రత్త పడుదురు.