ఒక్కరోజు రైలు ప్రయాణం: వెళ్ళాలా, మానాలా?

తెల్లవారి ఆరు గంటల వేళ విజయవాడ స్టేషనులో ఒక చిత్రం కనిపిస్తుంది. కాస్త అటూ ఇటూగా మూడు బండ్లు మూడు దిక్కులకు కదులుతాయి. శాతవాహన సికింద్రాబాదుకు, రత్నాచల్ విశాఖపట్నానికి, పినాకిని చెన్నైకి. మూడూ పగటి బండ్లే. మూడూ అదే రోజు తిరిగి విజయవాడ చేరుకుంటాయి. వీటిని చూసి కృష్ణా తీరంలోని మనవాళ్ళకు ఒక ఆశ పుట్టింది. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరవచ్చు కదా, హోటలు ఖర్చు ఉండదు కదా, బంధువుల ఇంట్లో పక్కలు వేయించే పని పెట్టనక్కర లేదు కదా అని.

మస్జిదు వరండాలోనూ, పెళ్ళి విందుల్లోనూ నన్ను చాలామంది ఇదే అడుగుతుంటారు. “మౌలానా సాబ్, ఒక్కరోజులో హైదరాబాదు పోయి రావచ్చా? పడ్డ కష్టానికి తగ్గ ఫలితం ఉంటుందా?”

ముందు లెక్క చూద్దాం. రైలు దారిన విజయవాడ నుంచి సికింద్రాబాదు సుమారు 350 కిలోమీటర్లు. శాతవాహన ఖమ్మం, డోర్నకల్లు, మహబూబాబాదు, వరంగల్లు, కాజీపేటల మీదుగా ఐదున్నర గంటలు నడిచి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతాన చేరుస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక అక్కడ బయలుదేరి రాత్రి పది ప్రాంతాన మనల్ని ఇక్కడ దించుతుంది. అంటే బండిలో పదకొండు గంటలు, ఊళ్ళో నాలుగు గంటల చిల్లర. అందులోనూ స్టేషను నుంచి పాతబస్తీ పది కిలోమీటర్ల దూరం. రాను పోను దారి, తిరుగు బండికి అరగంట ముందు చేరడం, మధ్యలో నాలుగు మెతుకులు తినడం తీసేస్తే చేతిలో మిగిలేది రెండు గంటలు. ఇంతకు మించి ఎవరైనా చెబితే నమ్మకండి.

చెన్నై సంగతి మరీ అన్యాయం. 430 కిలోమీటర్లు పోయి ఒంటిగంట ప్రాంతాన సెంట్రల్ స్టేషనులో దిగితే, రెండు గంటల వేళకే తిరుగు పినాకిని సిద్ధంగా ఉంటుంది. రత్నాచల్ గురించి చెప్పనే అక్కరలేదు. విశాఖలో దిగి ముఖం కడుక్కునే లోపు బండి తిరుగుముఖం పడుతుంది. సముద్రం చూస్తానన్న పిల్లవాడు ప్లాట్‌ఫారం చూసి రావలసిందే. కాబట్టి మూడు బండ్లలోనూ ఒకరోజు ప్రయాణానికి ఏ కొంచెమైనా పనికొచ్చేది శాతవాహన ఒక్కటే.

2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఉంది కదా అంటారు. అది విజయవాడ నుంచి నాలుగు గంటల పైచిలుకులో సికింద్రాబాదు చేరుస్తుంది, నిజమే. కానీ విశాఖలో తెల్లవారుజామున బయలుదేరి వచ్చే బండి కావడంతో ఇక్కడికి పొద్దెక్కాక వస్తుంది. దిగేసరికి జుహర్ వేళ దాటుతుంది, వెంటనే తిరుగు బండి. వేగం ఎక్కువైనా మన అవసరానికి అందదు. ఇక రాత్రి బండిలో పోయి, పగలంతా తిరిగి, మళ్ళీ రాత్రి బండిలో వచ్చేవాళ్ళున్నారు. పాతికేళ్ళ కుర్రవాళ్ళకు అది చెల్లుతుంది. నడుము నొప్పి మొదలైన నా వయసువాళ్ళు రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకుంటే ఆ తర్వాత వారం రోజులు మనుషులు కారు.

అక్కర ఏమిటి?

ప్రయాణం కష్టంతో కూడినదని, నిద్రాహారాలకు దూరం చేస్తుందని, పని ముగియగానే ఆలస్యం చేయక ఇంటికి చేరుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఇందులో పని అనే చోట వాడిన అరబీ మాట ‘నహ్మ’. దానికి గాఢమైన కోరిక, తీరవలసిన అక్కర అనే అర్థాలున్నాయి. పాఠం చెప్పేటప్పుడు నేను ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. అక్కర తీరాక ఇల్లు చేరమన్నారంటే, బయలుదేరేటప్పుడు ఒక అక్కర ఉండాలనే కదా. గంటలు లెక్కపెట్టే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. దేనికి పోతున్నాం? ఎవరికోసం పోతున్నాం?

ఇంకో సంగతి. ఇంట్లో ఈ లెక్కలు వేసేది ఎప్పుడూ మగవాళ్ళే. సరుకు కోసం నెలకు రెండుసార్లు హైదరాబాదు పోయి వచ్చే మనిషికి రైల్లో పదకొండు గంటలు నష్టం ఖాతాలో పడతాయి. వించిపేటలో రెండు గదుల ఇంట్లో ఏడాది పొడవునా పొయ్యి దగ్గర గడిపే ఆడమనిషికి అవే పదకొండు గంటలు జమ ఖాతాలో పడతాయి. ఎవరూ చాయ్ అడగరు. ఎవరూ చొక్కా గుండీ కుట్టమనరు. కిటికీ పక్కన కూర్చుని కొండపల్లి గుట్టలు, ఖమ్మం దగ్గర చేలు చూస్తూ పోతుంది. ఆమెను అడగకుండా ‘ఏం సుఖం ఈ ప్రయాణం’ అని తేల్చేయడం న్యాయం కాదు.

మా వీధిలో డెబ్బై దాటిన ఒక ఖాలా ఉంది. ఆమె చెల్లెలు హైదరాబాదు యాకుత్‌పురాలో పక్షవాతంతో మంచం పట్టింది. కొడుకుల్ని తీసుకుపొమ్మంటే, “అమ్మీ, రెండు గంటలకోసం అంత దూరమా? ఈద్ అయ్యాక నాలుగు రోజులు ఉండేలా తీసుకుపోతాం” అన్నారు. చెడ్డవాళ్ళు కారు. ఒకరికి మెకానిక్ షెడ్డు, ఇంకొకరికి పళ్ళ బండి. నాలుగు రోజులు మూసుకుని కూర్చుంటే ఇల్లు గడవదు. ఆ ఈద్ వచ్చింది, బక్రీద్ కూడా వచ్చి పోయింది. చివరికి కాలేజీలో చదివే మనవడు తీసుకుపోయాడు. వృద్ధులకు రైలు టికెట్లలో ఉన్న రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు గనుక ఇద్దరికీ పూర్తి చార్జీయే అయింది. అంతకుముందు యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు సగం చార్జీ తగ్గేది. పేద ఇళ్ళలో ఇలాంటి ప్రయాణాలు ఆగిపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

సికింద్రాబాదులో దిగి ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ లోకల్ బండి పట్టుకున్నారు. ఆ లైనులో కాచిగూడ, మలక్‌పేట, డబీర్‌పురా దాటితే యాకుత్‌పురా. స్టేషను నుంచి ఇల్లు నడిచిపోయే దూరమే. చెల్లెలికి మాట సరిగా రాదు. ఖాలా రెండు గంటలు కూడా పూర్తిగా కూర్చోలేదు. తీసుకుపోయిన బందరు హల్వా చిటికెడు ఆమె నోట్లో పెట్టి, చిక్కులు పడిన తల దువ్వి, జడ వేసింది. అంతలో మనవడు గడియారం చూపించాడు. తిరిగి వచ్చాక మా ఇంటివాళ్ళు “ఏం మాట్లాడుకున్నారు ఖాలా?” అని అడిగితే, “మాట్లాడడానికి ఏముంది బేటీ? జడ వేసి వచ్చాను” అంది.

రోగిని పరామర్శించేటప్పుడు ఎక్కువసేపు కూర్చోకూడదని, రోగిని అలసటకు గురిచేయకూడదని మన పెద్దలు అదబు గ్రంథాలలో రాశారు. ఆ లెక్కన రెండు గంటలు తక్కువేమీ కాదు. నాలుగు రోజులు ఉండే వీలు దొరికే దాకా ఆగుదామనుకోవడంలోనే అసలు చిక్కుంది. మనిషిని చూడడానికైతే, సిలయె రహమీ కోసమైతే, పదకొండు గంటల రైలు ఎక్కువ ధరేమీ కాదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఒక్క వాకిలి చాలు

ఊరు చూడడానికైతే జవాబు అంత తేలిక కాదు. ఒకసారి మా పెద్ద తరగతి విద్యార్థులు పన్నెండుమంది హైదరాబాదు పోదామని పట్టుబట్టారు. చార్మినార్, మక్కా మస్జిద్, గోల్కొండ, జూపార్కు అంటూ పెద్ద జాబితా రాసుకొచ్చారు. రెండు గంటల్లో ఒక్కటే చూడగలం, ఏదో తేల్చుకోండి అన్నాను. మక్కా మస్జిద్‌కే 1617లో పునాది పడి 1694 దాకా పని సాగింది, దాన్ని పది నిమిషాల్లో చూసి వస్తామంటే కట్టినవాళ్ళకు అవమానం అని కూడా అన్నాను. వాదోపవాదాల తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం ఖాయమైంది. ఇద్దరు మాత్రం ముఖం ముడుచుకున్నారు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. మదరసాలకు శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ శుక్రవారమే సెలవు. మన సెలవు రోజు చూసుకుని టికెట్టు కొంటే తాళం చూసి రావాలి. మేము వేరే రోజు పెట్టుకుని పోయాము.

సికింద్రాబాదు ఈస్టులో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండు దగ్గర బండి మారి, ఎంజీబీఎస్‌లో దిగాము. ఈ రెండో లైను 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అక్కడి నుంచి మూసీ దాటితే మ్యూజియం దగ్గరే. 1951 డిసెంబరులో పండిత నెహ్రూ దివాన్ దేవ్‌డీలో ప్రారంభించిన ఈ మ్యూజియం 1968లో ఇప్పటి భవనానికి మారింది. పిల్లలు గంటన్నరలో ఎక్కువ భాగం అరబీ, ఫారసీ రాతప్రతుల దగ్గరే గడిపారు. పదమూడో శతాబ్దంలో బగ్దాదులో అబ్బాసీల కొలువులో ఉన్న యాఖూత్ అల్ ముస్తాసిమీ చేతిరాతగా చెప్పే ఖుర్‌ఆన్ ఈ మ్యూజియం నిధుల్లో ఒకటి. తరగతిలో కోడి గెలికినట్టు రాసే విద్యార్థి ఒకడు నస్ఖ్ లిపిలోని ఒక పుటను చూస్తూ అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. వాడి దస్తూరి ఆ తర్వాత ఏమైనా మారిందా అంటే, కొంచెం.

సంగీత గడియారం కూడా చూశాము. గంట గంటకూ గడ్డం మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండు గంటలకైతే పన్నెండు దెబ్బలు వినవచ్చని జనం మూగుతారు. మా వంతుకు రెండు దెబ్బలే దక్కాయి. రెండింటికీ పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఈ మధ్య సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణం వల్ల కొన్ని బండ్ల స్టేషన్లు మార్చారు. టికెట్టు మీద ఏ స్టేషను ఉందో చూసుకోండి. రెండు గంటలే చేతిలో ఉన్నవాడికి ఆ తేడా చిన్నది కాదు.

నమాజు సంగతి క్లుప్తంగా. ఫజర్ ఇంట్లోనో, స్టేషను దగ్గరి మస్జిదులోనో ముగించుకుని బండి ఎక్కాలి. హైదరాబాదులో మనం ముసాఫిర్లం కనుక జుహర్, అసర్ ఒంటరిగా చేస్తే రెండేసి రకాతులు. స్థానిక ఇమాము వెనక నిలబడితే నాలుగూ పూర్తిచేయాలి. మగ్రిబ్ బండిలోనే, దానికి తగ్గింపు లేదు. ఇషా ఊరు చేరాక చదివితే పూర్తిగా చదవాలి.

ఇంతకూ దూరం పోతేనే ప్రయాణమా అని నాకొక సందేహం. మా విద్యార్థుల్లో సగంమందికి పైగా బందరు చూడలేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఎర్రసముద్రం వైపు ఓడలు పోయిన రేవు అది. హజ్ యాత్రికులు ఓడ ఎక్కిన తీరం. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వచ్చి కొట్లు పెట్టుకున్నారు. 1864 తుఫానులో సుమారు ముప్పై వేలమంది ప్రాణాలు పోయాయి. దారిలోనే పెడన, కలంకారీ అద్దకం పనివాళ్ళ ఊరు. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా రైల్లో పోతే, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు, పగలంతా మన చేతిలోనే ఉంటుంది. తర్వాతి ప్రయాణం అక్కడికేనని చెప్పి తీసుకుపోయాను.

బండిలో పిల్లలకు ఒక మస్లా దొరికింది. ఖసర్ వర్తించాలంటే హనఫీ ఉలమా సాధారణంగా చెప్పే దూరం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. బందరు రోడ్డున 70 కిలోమీటర్లే, రైలు దారిన 80కి అటూ ఇటూ. రెండు దారులుంటే మనిషి పట్టిన దారినే లెక్కలోకి తీసుకోవాలని ఫిఖ్హ్ గ్రంథాలలో ఉంది. మరి బస్సులో పోయినవాడు ముఖీం, రైల్లో పోయినవాడు ముసాఫిరా? ఊరి చివరి ఇల్లు దాటాకే లెక్క మొదలవుతుంది కదా, అది ఎక్కడ? రామవరప్పాడా, ఇంకా అవతలా? దీనిమీద గుడివాడ దాకా వాదించుకున్నారు. గుడివాడలో సమోసాలవాడు ఎక్కాడు.