మీకు తెలుసా? మూడు పాత పేజీల ఖరీదు 4 లక్షల పౌండ్లు

2015 అక్టోబరులో బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్ నుంచి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు చోరీ అయ్యాయి. పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు పోయాయి. వారిలో 15,656 మంది బ్యాంకు ఖాతా వివరాలు కూడా దొంగల చేతిలో పడ్డాయి. 2009లో టిస్కాలి అనే మరో ఇంటర్నెట్ సంస్థ బ్రిటన్ వ్యాపారాన్ని టాక్‌టాక్ కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిన మూడు పాత వెబ్‌పేజీలే ఇందుకు దారి. అవి ఇంకా నడుస్తున్నాయని, వాటి వెనక ఖాతాదారుల డేటాబేస్ ఉందని కంపెనీకే తెలియదు!

దొంగలు వాడిన పద్ధతి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. వెబ్‌సైటు పెట్టెలో మనం టైపు చేసేది డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నలో కలుస్తుంది. ఆ ప్రశ్నను అజాగ్రత్తగా రాసి ఉంటే, పేరు రాయాల్సిన చోట ఒక కోట్ గుర్తు పెట్టి, వెనక నాలుగు ఆదేశపు ముక్కలు తగిలిస్తే చాలు. డేటాబేస్ దాన్ని అసలు ఆదేశమే అనుకుని అడిగిందల్లా ఇచ్చేస్తుంది. టైపు చేసిన దాన్ని సమాచారంగా తప్ప ఆదేశంగా తీసుకోకుండా కోడ్‌లోనే కట్టడి చేయవచ్చు. లోపమూ విరుగుడూ ఎప్పటినుంచో తెలిసినవే. అందుకే ఈ ఉదంతం మరీ బాధిస్తుంది.

పైగా ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కాలం చెల్లింది. దాని లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ వచ్చినా ఎవరూ వేయలేదు. 2015లోనే జులైలో, సెప్టెంబరులో ఇదే రకం దాడులు జరిగినా ఎవరూ పసిగట్టలేదు. 2016లో బ్రిటన్ సమాచార కమిషనర్ 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు.

ఈ కేసులో నేరం ఒప్పుకున్నవారిలో ఒకడు 17 ఏళ్ల కుర్రాడు. లోపాలను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ వాడాడు. స్నేహితుల దగ్గర గొప్ప కోసం చేశానని కోర్టులో చెప్పాడు. అలాంటి సాఫ్ట్‌వేర్‌కు మీది పెద్ద కంపెనీయా, పచ్చళ్ల దుకాణమా అన్న తేడా ఉండదు. తెరిచి ఉన్న ప్రతి పేజీనీ తడుముతుంది. కాబట్టి మా చిన్న సైటును ఎవరు పట్టించుకుంటారులే అనుకోవద్దు. మన దేశంలోనూ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది.

మూడేళ్ల కిందట పండగ ఆఫర్ కోసం పెట్టించిన పేజీ ఇంకా తెరుచుకుంటోందా? మానేసిన డెవలపర్ పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోందా? మీ పేరు మీద నడుస్తున్న పేజీల జాబితా ఈ వారమే తెప్పించుకుని, అక్కర్లేనివి మూసేయించండి.