ముఖం కన్నా వీపు చెప్పేది ఎక్కువ

రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానం నుంచి ఊడదీసిన ఎత్తుమాపకాన్నో వేగమాపకాన్నో ముఖఫలకం మీది అంకెలను బట్టి పోల్చుకోవచ్చు గానీ, అదే కాలపు ఆటోపైలట్ భాగాన్ని ముఖం చూసి గుర్తించబోతే పొరబడటం సులభం. ఎందుకంటే దాని తొలి రూపాలు మామూలు దిశాసూచక, క్షితిజసూచక పరికరాల వేషంలోనే ఉండేవి.

ఈ యంత్రానికి మూలం గైరోస్కోపు, అంటే అతివేగంగా తిరుగుతూ తన అక్షం దిశను మారనీయని చక్రం. విమానం ఒరిగినా చక్రం ఒరగదు కనుక, ఆ రెంటి మధ్య ఏర్పడే తేడాయే విమానాన్ని సరిదిద్దే సంకేతమవుతుంది. 1914 జూన్ 18న పారిస్ దగ్గరి బెజోన్‌లో, సేన్ నది మీద కర్టిస్ నీటివిమానం నడిపిన అమెరికన్ లారెన్స్ స్పెర్రీ రెండు చేతులూ పైకెత్తి చూపగా, సహాయకుడు ఎమిల్ కాషాన్ రెక్క మీదికి నడిచి వెళ్లినా గైరోల వల్ల విమానం నిలకడ తప్పలేదు. ఆ ప్రదర్శనకు 50,000 ఫ్రాంకుల బహుమతి దక్కింది. 1933లో వైలీ పోస్ట్ ఒంటరిగా ఎనిమిది రోజుల లోపే భూమిని చుట్టి వచ్చినప్పుడు ఆయనకు తోడున్నది స్పెర్రీ సంస్థ ఆటోపైలటే.

సీ-47 రవాణా విమానంలో కనిపించే ఏ-3 నమూనా ఈ వంశానిదే. దీని గైరోలను గాలి పీల్చే పంపు తిప్పుతుంది; రెక్కల మీది ఐలరాన్లను, తోక మీది రడ్డర్‌ను, ఎలివేటర్‌ను నూనె ఒత్తిడి కదిలిస్తుంది. మామూలు దిశాసూచకంలో ఒకే అంకెల పట్టీ ఉండగా, ఇందులో ఒకదానిపై ఒకటిగా రెండు పట్టీలు కనిపిస్తాయి: ఒకటి విమానం పోతున్న దిక్కును, రెండోది ఆటోపైలట్‌కు నిర్దేశించిన దిక్కును చూపుతుంది. ఈ జంట పట్టీలే దాని అసలైన ఆనవాలు. వెనక గాలిగొట్టాల మూతులు కూడా ఉంటే సందేహం దాదాపు తీరినట్లే.

హనీవెల్ తయారుచేసిన సీ-1లో గాలికీ నూనెకూ బదులు విద్యుత్తు వచ్చింది. గైరో సంకేతాన్ని రేడియో వాల్వుల యాంప్లిఫయర్ పెంచగా, విద్యుత్ మోటార్లు ఐలరాన్లు, రడ్డర్, ఎలివేటర్‌ల తీగలను లాగేవి. బీ-17, బీ-24 బాంబర్లలో ఇది నార్డెన్ అనే బాంబు గురిపరికరంతో కలిసి పనిచేసినందువల్ల, బాంబు వదిలే ముందు విమానం పైలట్ చేతిలో కాక బాంబులు వేసే బాంబార్డియర్ తిప్పే నాబుల అదుపులో ఉండేది. సీ-1 నియంత్రణ ఫలకం మీద అంకెల పట్టీల బదులు స్విచ్చులు, చిన్న దీపాలు, నాబుల వరుసలు ఉంటాయి: సెన్సిటివిటీ నాబు ఎంత చిన్న ఒరుగుకు యంత్రం స్పందించాలో, రేషియో నాబు ఆ ఒరుగుకు ఎంత మేర సరిదిద్దాలో నిర్ణయిస్తుంది.

పేరుపలక మీది తయారీదారు పేరును మాత్రం గుడ్డిగా నమ్మరాదు, ఎందుకంటే యుద్ధకాలంలో ఒకే నమూనాను పలు కర్మాగారాలు తయారు చేశాయి. అమెరికన్ పరికరాలపై ఏఎన్ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య (ఏఎన్ 5735 దిశాసూచకం, ఏఎన్ 5736 క్షితిజసూచకం), బ్రిటిష్ వాటిపై కిరీటం కింద ఏఎం అక్షరాలు, జర్మన్ వాటిపై ఎఫ్‌ఎల్ సంఖ్య ఇంతకన్నా నమ్మదగిన సాక్ష్యాలు. ముఖఫలకం మీది అంకెలు చీకట్లో మెరవనంత మాత్రాన అద్దం విప్పకూడదు. మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాల్లో చెడిపోతుంది గానీ, దానికి కలిపిన రేడియం సగం తరగడానికే 1,600 సంవత్సరాలు పడుతుంది కనుక, ముందుగా గైగర్ కౌంటర్‌తో పరీక్షించాలి.